అడుగుల్లో గోదావరి

జులై, ఆగస్టు నెలల్లో గోదావరి జిల్లాల్లో ఏ రచ్చబండ దగ్గర నిలబడినా అంకెలే వినిపిస్తాయి. భద్రాచలం దగ్గర నీరు 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి చేరితే రెండోది, 53కి చేరితే మూడోది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ఆ మూడు అంకెలు 11.75, 13.75, 17.75 అడుగులు. ఏ అంకె దగ్గర బియ్యం బస్తాలు అటక ఎక్కించాలో, ఏ అంకె దగ్గర పశువుల్ని గట్టు మీదికి తోలాలో లంక గ్రామాల పెద్దవాళ్ళకు బాగా తెలుసు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర మట్టం 75.6 అడుగులకు చేరింది. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ వరదను చూసినవాళ్ళు తర్వాత వచ్చిన ప్రతి వరదనూ దానితోనే పోల్చి చెబుతారు.

నదిని అడుగుల్లో కొలవడం వరద రోజులకే పరిమితమైన పని కాదు. ఒక నది తన ఒడ్డున ఉన్న సీమను బాగు చేస్తుందా, పస్తులు పెడుతుందా అన్నది అందులో ఎన్ని టీఎంసీలు పారుతున్నాయనే దాని కంటే, ఆ నీరు పొలానికి ఎన్ని అడుగుల పైన ఉంది, ఎన్ని అడుగుల కింద ఉంది అనే దాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. గడిచిన రెండు వందల ఏళ్ళ గోదావరి చరిత్రే ఇందుకు సాక్ష్యం. అదే నది ఒకచోట అన్నం పెట్టింది, ఒకచోట ఊరించి వదిలేసింది, ఇంకోచోట కరెంటు బిల్లు చేతిలో పెట్టింది.

ఏటి పక్కన ఎండిన డొక్కలు

మహారాష్ట్రలోని త్ర్యంబకేశ్వరం దగ్గర గోదావరి పుట్టేచోటికి అరేబియా సముద్రం 80 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. పడమటి కనుమలు అడ్డు నిలవడంతో నది తూర్పుకు తిరిగి, 1,465 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతంలో కలుస్తుంది. దారిలో మంజీర, ప్రాణహిత, ఇంద్రావతి, శబరి వచ్చి చేరతాయి. దీని పరీవాహక ప్రాంతం 3.12 లక్షల చదరపు కిలోమీటర్లకు పైనే. దేశ విస్తీర్ణంలో పదో వంతుకు కాస్త తక్కువ.

ఇంత నీళ్ళున్న సీమలో 19వ శతాబ్దం మొదటి సగమంతా ఆకలి రాజ్యమేలింది. 1832-33లో నందన నామ సంవత్సరపు కరువు, జనం నోట్లో డొక్కల కరువు, కృష్ణ పక్కనున్న గుంటూరు సీమను తుడిచిపెట్టింది. అక్కడి ఐదు లక్షల జనాభాలో దాదాపు రెండు లక్షల మంది చనిపోయారని అంచనా. గోదావరి వైపు రాజమండ్రి జిల్లాలో 1821 నాటికి ఏడు లక్షలు దాటిన జనాభా 1840ల తొలినాళ్ళకు ఆరు లక్షల లోపుకు పడిపోయింది. కొందరు చచ్చిపోయారు, కొందరు ఊళ్ళొదిలి వెళ్ళారు. ఇంగ్లండు మరమగ్గాల బట్ట వచ్చి ఇక్కడి నేతగాళ్ళ నోటి దగ్గర కూడు లాగేసింది. 1839 నవంబరు తుఫాను కోరంగి రేవును ఊడ్చేసింది.

పక్కనే ఏరు పారుతుంటే కరువెందుకు వచ్చింది? గోదావరికి మంచు కొండల ఆసరా లేదు. ఏడాది ప్రవాహంలో సింహభాగం జూన్, అక్టోబరు నెలల మధ్య వచ్చి పోతుంది. ఆ నెలల్లో నీరు గట్లు తెంచుకుని పైర్ల మీద పడేది. వరద తీశాక అదే నీరు ఒడ్డుకు ఎన్నో అడుగుల కిందికి దిగిపోయి, ఇసుక తిన్నెల మధ్య పాయలుగా పాకేది. వెన్ను వేసే వేళకు వాన మొహం చాటేస్తే రైతుకు నీళ్ళు కంటికి కనిపిస్తాయి, చేతికి అందవు. ఏతం వేసి తోడుకున్నా తడిసేది ఎకరమో రెండెకరాలో. కరువును నడిపించింది ఆ ఎత్తు తేడాయే.

డెల్టా ఎటు వాలింది?

ఈ చిక్కును విప్పడానికి డెల్టా నేలలోనే ఒక సౌకర్యం దాగి ఉంది. వరద గట్టు దాటగానే నీటి వేగం తగ్గుతుంది. వేగం తగ్గితే మోసే శక్తి తగ్గుతుంది. దాంతో బరువైన ఇసుక, ముతక ఒండ్రు గట్టు పక్కనే పడిపోతాయి. సన్నటి బంకమన్ను మాత్రం దూరంగా పోయి పల్లంలో స్థిరపడుతుంది. వేల ఏళ్ళుగా ఇలా జరగడం వల్ల డెల్టాలో నది పక్క నేల మెరకగా, నదికి దూరం జరిగేకొద్దీ పల్లంగా తయారవుతుంది. అంటే డెల్టాలో నది లోయలో కాకుండా మిట్ట మీద పారుతుంది. పెంకుటింటి కప్పు కొప్పు మీద చెంబెడు నీళ్ళు పోస్తే రెండు వాలుల వెంట చూరు దాకా వాటంతట అవే దిగినట్టు, నదిలో నీటిని గట్టు మట్టానికి తెస్తే చాలు, మిగతా పని నేలే చూసుకుంటుంది. గోదావరి వాలు, కృష్ణ వాలు కలిసే పల్లంలో ఏర్పడ్డదే కొల్లేరు.

ఆర్థర్ కాటన్ పట్టుకున్నది ఈ సూత్రాన్నే. తంజావూరులో కావేరి మీద పనిచేసి వచ్చిన ఆ ఇంజనీరు 1840ల మధ్యలో మద్రాసు ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికల్లో, డెల్టా తల దగ్గర నది మట్టాన్ని కొద్ది అడుగులు లేపితే చాలని వాదించాడు. ధవళేశ్వరం దగ్గర ఏరు బాగా వెడల్పవుతుంది, లంకలు దాన్ని పాయలుగా చీలుస్తాయి, రాయి కొట్టుకోవడానికి పక్కనే కొండ ఉంది. 1847లో పని మొదలై 1852లో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు ముక్కలుగా కట్టిన ఆనకట్ట మొత్తం పొడవు మూడున్నర కిలోమీటర్ల పైచిలుకు. ఎత్తు మాత్రం మొదట్లో 12 అడుగులే. వేల మంది కూలీలు రాయి మోశారు. కూలీలను కూడగట్టి పని నడిపించిన వీణం వీరన్న పేరు కాటన్ పేరుతో పాటు ఇప్పటికీ ఆ ప్రాంతంలో వినిపిస్తుంది.

ఇది జలాశయం కాదు. నీటిని నిల్వ చేసేది కాదు. వచ్చే నీటి మట్టాన్ని 12 అడుగులు లేపి కాలువల నోటికి అందించేది, మిగిలిన వరదను తన తల మీదుగా వదిలేసేది. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు ప్రధాన కాలువలు మెరక వెంట సాగుతాయి. వాటి నుంచి బ్రాంచి కాలువలు, పంట కాలువలు, చివరికి పొలం పక్కన బోదె. ఒక్క మోటారు తిరగకుండా పది లక్షల ఎకరాలకు నీరు పారే ఏర్పాటిది. పాత కట్టడం బలహీనపడితే దాని చోట 1970, 1982 మధ్య 175 గేట్లతో ఇప్పటి బ్యారేజీ కట్టారు. కాలువల దారి మాత్రం చాలావరకు పాతదే.

ఇసుక మీద నిలబెట్టడం

గోదావరి అడుగున ఎంత తవ్వినా ఇసుకే తగులుతుంది. రాతి పునాది దొరకనిచోట ఆనకట్ట ఎలా నిలుస్తుంది? కాటన్ ఈ జవాబును తనకంటే ఎన్నో శతాబ్దాల ముందువాళ్ళ దగ్గర నేర్చుకున్నాడు. కావేరి మీద చోళులు కట్టిన కల్లణై ఇసుక మీదే నిలబడి ఉంది. లోతు తెలియని ఇసుకలో పునాది నిలపడం ఆ కట్టడాన్ని చూసే తెలిసిందని కాటన్ స్వయంగా ఒప్పుకున్నాడు.

ఇసుక మీద కట్టిన గోడకు ప్రమాదం రెండు వైపుల నుంచి వస్తుంది. పైనుంచి దూకిన నీరు దిగువ వైపు గొయ్యి తవ్వుతుంది. గొయ్యి గోడ పాదం దాకా వస్తే గోడ కూలుతుంది. ఇది కంటికి కనిపించే శత్రువు. కనిపించనిది అడుగున ఉంటుంది. ఎగువన మట్టం ఎక్కువ, దిగువన తక్కువ కాబట్టి నీరు ఇసుక రేణువుల సందుల్లోంచి కట్టడం కింద దారి వెతుక్కుంటుంది. ఆ దారి పొట్టిదైతే ఊట ఉరవడి ఎక్కువై, దిగువ వైపు నీటితో పాటు ఇసుకనూ తోడుకుంటూ పైకి వస్తుంది. క్రమంగా గొట్టం లాంటి బొరియ పడుతుంది. పైనున్న కట్టడానికి కాళ్ళ కింద నేల మాయమవుతుంది. దీనికి మందు ఊట దారిని సాగదీయడమే: పునాది బావులు దించడం, కట్టడాన్ని నిటారుగా కాకుండా వెడల్పుగా పరవడం, దిగువన పెద్ద పెద్ద రాళ్ళ పరుపు వేయడం. ధవళేశ్వరంలో ఇవన్నీ చేశారు. ఈ ఊట ఒత్తిడిని లెక్క కట్టే గణితం మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. 1936లో ఎ.ఎన్. ఖోస్లా, ఆయన సహచరులు ప్రచురించిన సిద్ధాంతం ఇప్పటికీ ఇంజనీరింగు విద్యార్థులకు పాఠం.

పాత పాఠమే అయినా అవసరం తీరిపోలేదు. 2023 అక్టోబరులో అదే గోదావరి మీద, ఎగువన మేడిగడ్డ బ్యారేజీలో కొన్ని పియర్లు కుంగాయి. పరిశీలించిన జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ నిపుణులు చూపిన కారణాల్లో పునాది కింది ఇసుక కొట్టుకుపోవడం ఒకటి.

కాలువే రహదారి

ఆనకట్టతో వచ్చిన కాలువలు పొలాలకే కాక పడవలకూ దారి ఇచ్చాయి. వాలు మీద పారే కాలువలో పడవ ఎలా పైకెక్కుతుంది? డెల్టాలో ఊరి పేర్ల పక్కన నేటికీ వినిపించే లాకులే దీనికి జవాబు. కాలువ మట్టం ఒక్కసారిగా మారేచోట రెండు జతల తలుపులతో ఒక రాతి తొట్టి కడతారు. ఎగువకు వెళ్ళే పడవ కింది తలుపుల్లోంచి తొట్టిలోకి వస్తుంది. వెనక తలుపులు మూస్తారు. పై తలుపుల్లోని చిన్న తూములు ఎత్తగానే ఎగువ నీరు సుడులు తిరుగుతూ లోపలికి దూకుతుంది. పడవవాడు తాడు గుంజకు బిగించి పట్టుకుంటాడు, లేకపోతే ఆ ఉరవడికి పడవ గోడకు కొట్టుకుంటుంది. కొన్ని నిమిషాల్లో ధాన్యం బస్తాలతో సహా పడవ అంతెత్తు లేస్తుంది. రెండు వైపులా మట్టం సమానమయ్యాక, అప్పటిదాకా వంద మంది తోసినా కదలని తలుపులు ఇద్దరు మనుషులు నెడితే తెరుచుకుంటాయి. ఖర్చయింది ఒక తొట్టెడు నీరు. అది కూడా వృథా కాకుండా దిగువ పొలాలకే పోతుంది.

ఇలా కాకినాడ నుంచి ధవళేశ్వరం, ఏలూరు, విజయవాడ మీదుగా, అక్కడి నుంచి కొమ్మమూరు కాలువ, పెదగంజాం దగ్గర మొదలయ్యే బకింగ్‌హాం కాలువ పట్టుకుని మద్రాసు దాకా, ఇంకా దక్షిణాన మరక్కాణం దాకా పడవ వెళ్ళేది. బియ్యం, ఉప్పు, కట్టెలు, సున్నం, కొబ్బరి, మనుషులు అన్నీ ఈ దారినే సాగాయి. అడవుల నుంచి కలప, వెదురు తెప్పలుగా కట్టి గోదావరిలో వదిలితే రాజమండ్రి రేవుకు కొట్టుకొచ్చేవి.

నీటి మీద రవాణా ఎందుకు చవకో తూచి చూడొచ్చు. జలరవాణా రంగంలో తరచూ చెప్పే లెక్క ప్రకారం, ఒక లీటరు ఇంధనంతో ఒక కిలోమీటరు దూరం రోడ్డు మీద 24 టన్నులు, రైలు మీద 95 టన్నులు, నీటి మీద 215 టన్నులు తరలించొచ్చు. నేల మీద చక్రం బరువు పెరిగేకొద్దీ రాపిడి పెరుగుతుంది. నీటి మీద బరువంతా నీరే మోస్తుంది, ఇంజను చేయాల్సింది నీటిని పక్కకు తోసే పని మాత్రమే. అయితే దీనికో షరతు ఉంది. వేగం రెట్టింపు చేస్తే నీటి అడ్డు సుమారు నాలుగింతలు, ఇంజను చూపాల్సిన శక్తి ఎనిమిదింతలు అవుతుంది. నిదానంగా వెళ్ళినంత కాలమే నీటి దారి చవక. తొందర లేని బియ్యానికి, రాయికి, కలపకు అది సరిపోయింది. తొందరున్న సరుకు, తొందరున్న మనిషి 1900లో రాజమండ్రి దగ్గర గోదావరి మీద వంతెన తెరుచుకోగానే రైలెక్కారు.

కాలువలోనూ ఒక తగవు ఉంది. సేద్యానికి నీరు కదలాలి, దారి పొడవునా పొలాల్లోకి పోవాలి. పడవకు నీరు కదలకుండా, లోతుగా, ఏడాది పొడవునా ఉండాలి. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తే పడవలు ఒడ్డెక్కాల్సిందే. పంట పెరిగేకొద్దీ ఈ తగవులో వరి గెలుస్తూ వచ్చింది.

ధాన్యం నుంచి పెట్టుబడి దాకా

జిల్లా హద్దులు కొంత మారిన మాట నిజమే గానీ, 1891 జనగణన నాటికి గోదావరి జిల్లా జనాభా 20 లక్షలు దాటింది. అంతకు అరవై ఏళ్ళ ముందు మనుషులు వదిలి వెళ్ళిన సీమ ఇది. సార్వా పంటకు నీటి భరోసా, తర్వాత చాలా భాగంలో రెండో పంట దాళ్వా. తిండికి పోగా ధాన్యం మిగలడం, మిగిలింది అమ్ముకోవడానికి కాలువ ఉండడం అనే రెండూ ఒకేసారి కుదిరాయి. ఆర్థిక శాస్త్రంలో మిగులు అనేది ఇక్కడ రైస్‌మిల్లు రూపంలో కంటికి కనిపిస్తుంది. తణుకు, తాడేపల్లిగూడెం, భీమవరం లాంటి ఊళ్ళు పట్టణాలయ్యాయి. రాజమండ్రిలో ఏటి ఒడ్డున కాగితపు మిల్లు వెలిసింది. తణుకులో 1947లో ఆంధ్రా షుగర్స్ మొదలైంది. ఇదే తీరులో బాగుపడిన కృష్ణా డెల్టాలో 1923లో మచిలీపట్నం కేంద్రంగా ఆంధ్రా బ్యాంకు పుట్టింది. కోస్తా రైతు కుటుంబాల వ్యవసాయ మిగులు మిల్లుల్లోకి, సినిమాల్లోకి, కాంట్రాక్టుల్లోకి, ఆపైన విశాఖపట్నం, హైదరాబాదు నగరాల పరిశ్రమల్లోకి ఎలా ప్రవహించిందో 1980ల నుంచి సామాజిక శాస్త్రవేత్తలు చెబుతూనే ఉన్నారు.

ఈ సంపద అందరి గడపకూ ఒకే మట్టంలో చేరలేదు. కాలువ తల దగ్గర పొలానికి నీరు ముందు, శివారు భూమికి మిగిలితే. భూమి లేనివాడికి కూలి దొరికిందే తప్ప పొలం రాలేదు. కోరంగి, కాకినాడ రేవుల నుంచి ఓడలెక్కి బర్మాలో కూలికి వెళ్ళిన తెలుగువాళ్ళ సంఖ్య ఎంతంటే, రంగూన్‌లో తెలుగువాళ్ళందరికీ కోరంగీలనే పేరు స్థిరపడింది. ఎగువ అడవుల్లోని కోయలు, కొండరెడ్లకు ఆనకట్ట వల్ల వచ్చింది దాదాపు ఏమీ లేదు.

ఎగువన ఎందుకు సాగలేదు

డెల్టాలో నెగ్గిన కాటన్ ఆలోచన ఎగువకు పాకింది. నాగపూర్, వార్ధా ప్రాంతాల పత్తిని ప్రాణహిత, గోదావరి మీదుగా పడవల్లో బంగాళాఖాతానికి దించాలన్నది ప్రణాళిక. 1860ల్లో అమెరికా అంతర్యుద్ధం వల్ల లాంకషైర్ మిల్లులకు పత్తి కరవైంది కాబట్టి ఆ ఆలోచనకు గిరాకీ కూడా వచ్చింది. నది మధ్యలో దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి లాంటి చోట్ల రాతి అడ్డంకులున్నాయి. ఒక్కోచోట ఆనకట్ట, పక్క కాలువ, లాకులు కట్టి వాటిని దాటాలి. అడవి జ్వరాలు పనివాళ్ళను పొట్టన పెట్టుకున్నాయి. డబ్బు లక్షల పౌండ్లలో కరిగింది. ఈలోగా 1867లో బొంబాయి రైలు నాగపూర్ చేరింది. 1871లో గోదావరి పని ఆపేశారు. దుమ్ముగూడెం ఆనకట్ట మాత్రం ఆ ప్రయత్నానికి గుర్తుగా నేటికీ ఉంది.

ఇంజనీర్లు వాళ్ళే, నది అదే. మారింది నేల. డెల్టాలో ఒక్కచోట మట్టం లేపితే వందల కిలోమీటర్ల కాలువకు సరిపోయింది. ఎగువన ప్రతి రాతి మెట్టు దగ్గరా మళ్ళీ లేపాలి. పైగా పడవ నడవగలిగినంత లోతు ఏడాదిలో కొన్ని నెలలే. జర్మనీలో ఏడాది పొడవునా నిండుగా ఉండే రైన్ నది కూడా 2018 శరత్తులో ఈ దెబ్బ తిన్నది. కౌబ్ అనే ఊరి దగ్గరి కొలబద్ద అక్టోబరులో 25 సెంటీమీటర్లకు పడిపోయింది. పడవలు సగం కూడా నిండకుండా నడవాల్సి వచ్చింది. ఒడ్డున ఉన్న రసాయనాల సంస్థ బీఏఎస్‌ఎఫ్ ఒక్కటే సుమారు 25 కోట్ల యూరోలు నష్టపోయింది.

పీఠభూమికి నది కింద పడింది

తెలంగాణలో గోదావరిది ఇంకో కథ. ప్రాణహిత, గోదావరి లోయ కోట్ల ఏళ్ళ కిందట భూమి పొర చీలి కుంగిన పగులు. ఆ పగులులో పేరుకున్న అడవులే ఇవాళ సింగరేణి బొగ్గు. అందుకే అక్కడ నది ఇచ్చిన సంపద ముందుగా గనుల రూపంలో, ఆ తర్వాత రామగుండం విద్యుత్కేంద్రానికి కావలసిన నీటి రూపంలో వచ్చింది. సేద్యానికి మాత్రం నది పల్లంలో, పొలం మిట్టన. వాలు దొరికినచోట 1963లో శంకుస్థాపన జరిగిన పోచంపాడు ప్రాజెక్టు నుంచి 284 కిలోమీటర్ల కాకతీయ కాలువ తవ్వారు. వాలు దొరకని నేలకు ఎత్తిపోతలే దిక్కు.

ఎత్తిపోతల ఖర్చును ఎవరైనా కాగితం మీద వేసుకోవచ్చు. ఒక టీఎంసీ అంటే 2.83 కోట్ల ఘనపు మీటర్లు, బరువు 2.83 కోట్ల టన్నులు. అంత బరువును 100 మీటర్లు ఎత్తడానికి, ఏ నష్టమూ లేకుండా, కనీసం 77 లక్షల యూనిట్ల కరెంటు కావాలి. ఒక టీఎంసీతో పది వేల ఎకరాల వరి పండుతుందన్నది వాడుకలో ఉన్న లెక్క. అంటే ప్రతి వంద మీటర్లకూ ఎకరానికి 770 యూనిట్లు. 2019లో ప్రారంభించిన కాళేశ్వరం పథకం రూపకల్పన ప్రకారం నీరు సముద్ర మట్టానికి సుమారు 100 మీటర్ల ఎత్తున్న మేడిగడ్డ దగ్గర బయల్దేరి, చివరి జలాశయాల దగ్గర 600 మీటర్లు దాటుతుంది. ఆ చివరి పొలంలో ఎకరానికి 3,850 యూనిట్లు, పంపుల నష్టం కలిపితే ఇంకా ఎక్కువ. డెల్టాలోని కోనసీమ రైతుకు ఆ పద్దు సున్నా. ఎత్తిపోతలు వద్దనడానికి ఈ లెక్క చాలదు, కరువు నేలకు నీటి విలువ వేరు. కానీ అక్కడ వరి వేయాలా, తక్కువ నీటి పంట వేయాలా అన్నది తేల్చుకోవడానికి మాత్రం ఈ లెక్క ముందుండాలి.

ఆ అడుగులకు చెల్లిస్తున్న ధర

మట్టం లేపిన ప్రతిచోటా ఎవరో ఒకరు మునుగుతారు. గోదావరి మీది పోలవరం జలాశయం పూర్తి మట్టం 45.72 మీటర్లు, అంటే 150 అడుగులు. పునరావాసంలో మొదటి దశ 41.15 మీటర్ల కాంటూరు, అంటే ఆ ఎత్తున్న చోట్లను కలిపే గీత, వరకు. ఏ ఊరు ముందు ఖాళీ చేయాలో, ఏ ఊరు ఆగాలో నిర్ణయించేది ఆ గీత. ఖాళీ చేయాల్సినవి ఆ అంకెల నుంచి ఏ లాభమూ అందని కోయ, కొండరెడ్డి పల్లెలే ఎక్కువ.

డెల్టాలో చిక్కు ఇంకో రకం. పారించిన నీరు పొలం నుంచి బయటికి పోవాలి కదా. నది పక్క మెరక నుంచి నీరు దిగినంత తేలిగ్గా పల్లం నుంచి సముద్రంలోకి దిగదు. ఎందుకంటే చివర్లో వాలు దాదాపు ఉండదు, పోటు వేళ సముద్రం ఎగదన్నుతుంది. కొల్లేరులో చేరిన నీటికి దారి సుమారు 60 కిలోమీటర్ల ఉప్పుటేరు. అది పూడిపోయి, గట్లు ఆక్రమణకు గురైతే చుట్టూ పొలాలు రోజుల తరబడి మునకలో ఉంటాయి. కొల్లేరు అభయారణ్యం హద్దు కూడా సముద్ర మట్టానికి ఐదడుగుల కాంటూరే. దాన్ని మూడడుగులకు తగ్గించాలా వద్దా అన్నది ఏళ్ళ తరబడి నలుగుతున్న వివాదం. రెండడుగుల తేడాలో వేల ఎకరాల చేపల చెరువులున్నాయి మరి. 2011లో కోనసీమ రైతులు సార్వాకు పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధర, కూలి ఖర్చులతో పాటు మురుగు పోని పొలాలు కూడా వాళ్ళ ఫిర్యాదుల్లో ఉన్నాయి.

మరో ధర సముద్రం వైపు కనిపిస్తుంది. డెల్టా అంటే నది ఏటా తెచ్చి పోసే మట్టి. కాకినాడ రేవుకు అడ్డుగోడలా నిలిచిన హోప్ ఐలాండ్ ఆ మట్టితో, గత రెండు శతాబ్దాల్లో పెరిగిన ఇసుక దిబ్బే. ఎగువన జలాశయాలు పెరిగేకొద్దీ మట్టి అక్కడే ఆగిపోతోంది. 1970ల్లో ఏటా సుమారు 15 కోట్ల టన్నులున్న గోదావరి ఒండ్రు 1990ల నాటికి ఆరు కోట్ల టన్నుల లోపుకు పడిపోయిందని పరిశోధకులు లెక్క కట్టారు. కొత్త మట్టి రాని డెల్టా తన బరువుకు తానే కుంగుతుంది, మరోవైపు సముద్రం లేస్తుంది. 2009లో ప్రపంచ డెల్టాల మీద వెలువడిన ఒక ప్రసిద్ధ అధ్యయనం కృష్ణా, గోదావరి రెండింటినీ కుంగుతున్న వాటిలో చేర్చింది. పన్నెండడుగులు లేపి గెలుచుకున్న నేలను ఇప్పుడు మిల్లీమీటర్ల లెక్కన పోగొట్టుకుంటున్నాం.

జలమార్గం ఆశ మళ్ళీ చిగురించింది. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఉన్న కాలువలను, గోదావరి, కృష్ణలను కలిపి 2008లో నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. 2016 చట్టంతో దాని పరిధి ఇంకా పెరిగింది. పాత లాకులు, పూడిన కాలువలు, పడవ దూరనంత కిందికి కట్టిన రోడ్డు వంతెనలు దారిలో ఉన్నాయి. పైగా వరికి, పడవకు మధ్య తగవు అలాగే ఉంది. బరువైన సరుకు, తొందర లేని సరుకు, ఏడాది పొడవునా లోతు ఉండే ముక్క, ఈ మూడూ కలిసినచోట అది నడుస్తుంది. మిగతాచోట్ల బోర్డు మీద పేరుగానే ఉంటుంది.

నదితో ఒక సీమను బాగు చేయాలనుకునేవాళ్ళు ముందు అడగాల్సిన ప్రశ్నలు మూడే: నీరు ఏ మట్టంలో ఉంది, పొలం ఏ మట్టంలో ఉంది, పారిన నీరు ఎటు పోతుంది? మొదటి రెండింటికీ మనం ఆనకట్టలు, పంపులు కట్టి జవాబు చెప్పుకుంటూ వచ్చాం. మూడోదాన్ని మరమ్మతుల పద్దులోకి తోసేశాం. కొత్త కాలువకు శంకుస్థాపన ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది. మురుగు కాలువలో తూటికాడ తీయించడానికి ఏ హడావుడీ ఉండదు. డెల్టాలో ఇక పెరగాల్సిన పంట మాత్రం కొత్త ఆయకట్టు నుంచి రాదు, ఆ తూటికాడ తీసిన కాలువల పక్కనే పండాలి.